గురువుగారి ప్రియురాళ్లు

మా మనవరాలు ఆరో తరగతి. బడిలో వైజ్ఞానిక ప్రదర్శన ఉందని, తన వంతుకు గురుగ్రహం వచ్చిందని శనివారం పొద్దున్నే హాలంతా ఆక్రమించింది. ఒక పెద్ద థర్మోకోల్ బంతి, నాలుగు చిన్న ఉండలు, చీపురు పుల్లలు, జిగురు డబ్బా, చార్టు కాగితం. చిన్న ఉండల్లో ఒకదానికి వంటింట్లోంచి పసుపు తెచ్చి పులిమింది. అయో అనే ఉపగ్రహం గంధకం వల్ల పచ్చగా ఉంటుందట. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు, డబ్బా మూత తీసి వదిలేసినందుకు వాళ్ల నాన్నమ్మకు తప్ప.

ఆ తరువాత చార్టు మీద గుండ్రటి అక్షరాలతో రాసుకున్నది నాకు చదివి వినిపించింది. "గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలకు అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో అని ఆయన ప్రియురాళ్ల పేర్లు పెట్టారు."

"ఎవరు చెప్పారమ్మా ప్రియురాళ్లని?"

"టీచర్ ఇచ్చిన కాగితంలో ఉంది తాతయ్యా. ఫోనులో చూసినా అలాగే ఉంది. ప్రియురాలు అంటే భార్యేనా?"

నాన్నమ్మ పసుపు డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మా అబ్బాయికి సరిగ్గా అప్పుడే ఎవరికో ఫోను చేయవలసిన పని గుర్తొచ్చింది. కోడలు బట్టలు తీయడానికి డాబా మీదకు వెళ్లింది. ఆ రోజు బట్టలు ఆరవేయనే లేదు. మిగిలింది నేను. నాకు దొరికింది ఆ ఒక్క మాట. వారం రోజులుగా దాన్నే నములుతున్నాను.

ముందు గురువుగారి పరువు సంగతి చూడాలి. ఆయన బృహస్పతి, దేవతలకు పాఠాలు చెప్పినవాడు. గురువారం వస్తే శనగలు నానబెట్టి దండ గుచ్చి వేసేది ఆయనకే. గురుబలం లేదంటే ఈ రాష్ట్రాల్లో పెళ్లి ముహూర్తం కదలదు. పాపం, ఆయన సొంత కాపురమే సరిగా సాగలేదు. చదువుకోవడానికి వచ్చిన శిష్యుడు చంద్రుడు గురుపత్ని తారను తీసుకుపోయాడు, వాళ్లకు బుధుడు పుట్టాడు, దేవలోకంలో యుద్ధం దాకా వెళ్లింది. ఒక్క చంద్రుడి చేతిలో అంత పరాభవం పొందిన పెద్దమనిషికి, ఇప్పుడు నూటికి అటూ ఇటూగా ఉన్న చంద్రులను అంటగట్టి, వాళ్లంతా మీ ప్రియురాళ్లే అని ఆరో తరగతి పిల్లలచేత గుండ్రటి అక్షరాలతో రాయిస్తున్నాం. పరువు నష్టం దావా వేయడానికి ఆయన తరఫున ఎవరూ లేరన్న ధైర్యం కాకపోతే ఇంకేమిటి?

అసలు ముద్దాయి వేరు. గ్రీకులు జ్యూస్ అన్న దేవుడు, రోమన్లు జూపిటర్ అన్నవాడు. గ్రహం ఒకటే కావడంతో అనువాదంలో వాడి కేసు మన గురువుగారి మీద పడింది.

ఈ చందమామలను దుర్భిణిలో చూసి లోకానికి చెప్పినవాడు గెలీలియో, 1610 జనవరిలో. ఆయన వాటికి ఆడపిల్లల పేర్లు పెట్టలేదు, ఆయన చూపు ఉద్యోగం మీద ఉంది. ఫ్లారెన్స్ ప్రభువు రెండో కోసిమో మెడిచికి ఈ నాలుగింటినీ అంకితం ఇచ్చేశాడు. ముందు ప్రభువు పేరు కలిసి వచ్చేలా ఒక మాట అచ్చు వేయించాడు. ప్రభువుగారికి వంశం పేరే నచ్చుతుందని ఆస్థానం నుంచి కబురు రావడంతో, అప్పటికే అచ్చయిన పుట మీద చిన్న కాగితం ముక్క అంటించి 'మెడిచి నక్షత్రాలు' అని దిద్దాడు. ఆ ఏడాదే ఆస్థాన ఉద్యోగం వచ్చింది. భాగవతాన్ని రాజుకు అమ్మనన్న పోతన బాపతు కాదాయన, శ్రీనాథుడి బాపతు. కృతిభర్త ఎవరో తేలాకే పద్యం. అయినా నేను ఆయన్ని తప్పు పట్టను. ఒక కోటీశ్వరుడి పేరు పెట్టడంలో ఎవరికీ అన్యాయం జరగలేదు.

అన్యాయం సంతలో జరిగింది. నిజంగానే సంతలో. 1613 అక్టోబరులో జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ సంతలో కలిసినప్పుడు కెప్లర్ ఈ పేర్లు సూచించాడని సైమన్ మారియస్ అనే ఖగోళజ్ఞుడు మరుసటి ఏడాది తన పుస్తకంలో రాసుకున్నాడు. గ్రహాల నడకకు సూత్రాలు కనిపెట్టిన కెప్లర్ ఆయనే. మేధావులు సంతకు వెళ్తే ఇంతే. గెలీలియోకు మారియస్ అంటే ఒళ్లు మంట. అతడి పేర్లు వాడకుండా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసుకున్నాడు. దాదాపు మూడు వందల ఏళ్లు లోకమూ ఎక్కువగా అంకెలతోనే నడిపించింది. హాయిగా ఉండేది. 'మూడో ఉపగ్రహం' అంటే ఏ పిల్లా ఏ తాతనూ ఏమీ అడగదు.

ఇంతకూ ఆ 'ప్రియురాళ్ల' వలపు కథలు ఏమిటో చూద్దాం.

అయో ఆర్గోస్ పట్టణంలో హీరా దేవి గుడి పూజారిణి. జ్యూస్ ఆ చోటంతా మబ్బు కప్పి ఆ పిల్లను చెరిచాడు. భార్య హీరా వస్తోందని తెలిసి ఆమెను తెల్లని ఆవుపెయ్యగా మార్చేశాడు. హీరా ఆ పెయ్యను అడిగి పుచ్చుకుని నూరు కళ్ల కాపలావాడికి అప్పగించింది. వాడు చచ్చాక ఒక జోరీగను వదిలింది. అది కుడుతుంటే ఆ పిల్ల దేశాలన్నీ పరుగెత్తి ఈజిప్టులో పడింది. బాస్ఫరస్ జలసంధి పేరుకు అర్థం ఆవు దాటిన రేవు. యూరోపా నేటి లెబనాన్‌లోని టైర్ నగరపు రాజకుమార్తె. ఒడ్డున పూలు కోసుకుంటుంటే జ్యూస్ తెల్లని ఎద్దయి వచ్చి, సాధువులా కూర్చుని, ఆమె వీపు మీద ఎక్కగానే సముద్రంలోకి దూకి క్రీట్ దీవికి ఈదుకుపోయాడు. కలిస్టో వేటదేవత ఆర్టెమిస్ పరివారంలోని అమ్మాయి. మగవాడి రూపంలో వెళ్తే పారిపోతుందని ఆర్టెమిస్ వేషమే వేసుకుని దగ్గరకు చేరాడు. కడుపు బయటపడగానే ఆ దేవత ఆమెను వెళ్లగొట్టింది, హీరా ఎలుగుబంటిని చేసింది.

నాలుగో 'ప్రియురాలు' గానిమీడ్. చార్టు రాయించినవారు గమనించలేదు గానీ, అతడు మగపిల్లవాడు. ట్రాయ్ రాజు ట్రోస్ కొడుకు. గద్ద రూపంలో వచ్చి ఎత్తుకుపోయి, పైలోకంలో పానపాత్రలు అందించే పనికి పెట్టుకున్నారు. తండ్రి ఏడుస్తుంటే మేలు జాతి గుర్రాలు పంపారు. పిల్లవాడు పోయాడు, గుర్రాలు వచ్చాయి. ఎక్స్‌గ్రేషియా అనే సదాచారం అంత పాతదన్నమాట.

తెలుగు లిపి ఈ పిల్లవాడికి చేసిన ద్రోహం ఇంకొకటి ఉంది. ఐరోపావాళ్లు 2023 ఏప్రిల్‌లో ఒక వ్యోమనౌకను పంపారు. 2031కి అది గురుడిని చేరుతుంది, 2034లో గానిమీడ్ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. దాని పేరు జ్యూస్. వాళ్ల భాషలో అది పళ్లరసం మాట, గ్రీకు దేవుడి పేరు కాదు. మన లిపిలో మాత్రం రెండూ ఒకటే. కాబట్టి తెలుగు పత్రికలో రాబోయే శీర్షిక ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు: "గానిమీడ్ వద్దకు మళ్లీ జ్యూస్." పోనీ ఈసారి పానపాత్ర ఎవరు పట్టుకోవాలో వాళ్లే తేల్చుకోవాలి.

ఐరోపావాళ్లకన్నా ముందే అమెరికావాళ్లు చేసిన పని తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఈ భర్తగారి ఇంటికి సాక్షాత్తూ భార్యను పంపారు. హీరాకు రోమన్ పేరు జూనో. 2011 ఆగస్టులో జూనో అనే వ్యోమనౌక బయలుదేరింది. దాదాపు ఐదేళ్ల ప్రయాణం. పురాణంలో జూపిటర్ తన ఆగడాలు కనబడకుండా మబ్బులు కప్పుకుంటే జూనో ఆ మబ్బులను చీల్చి చూసిందని, తమ నౌక పనీ అదేనని నాసా వారే గంభీరంగా వివరించారు. మబ్బుల కింద ఏముందో పసిగట్టే పరికరాన్ని కూడా అందులో బిగించారు. నౌకలో ప్రయాణికులు ముగ్గురు, బెత్తెడైనా లేని అల్యూమినియం బొమ్మలు. ఒకటి జూపిటర్, చేతిలో పిడుగు. ఒకటి జూనో, చేతిలో భూతద్దం. మూడోది గెలీలియో, చేతిలో దుర్భిణి. మొగుడి మీద నిఘాకు వెళ్తూ మొగుణ్నీ అదే బండిలో కూర్చోబెట్టుకుని, పంచాయితీకి ఊరి పెద్దమనిషిని వెంట తీసుకువెళ్లిన ఇల్లాలు లోకంలో ఇంకెక్కడైనా ఉందా? ఐదేళ్ల దారి. ఆ ముగ్గురూ ఏం మాట్లాడుకుని ఉంటారు? భూతద్దం తుడుచుకుంటూ ఆవిడ, కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తూ ఆయన, 'నాకెందుకొచ్చిన గొడవ, నేను మెడిచి నక్షత్రాలు అన్నాను కదమ్మా' అంటూ పెద్దాయన.

2016 జులైలో ఇల్లు చేరింది. చేరినావిడ ఇంట్లో స్థిరంగా ఉందా? లేదు. 53 రోజులకు ఒకసారి దగ్గరకు వచ్చి, ఒక్క చూపు చూసి, మళ్లీ దూరంగా వెళ్లిపోయేది. అలిగి పుట్టింటికి పోయే ఇల్లాలి కక్ష్య అది. ఐదేళ్లు అలా గడిచాక ఒక్కొక్కరి గడపా తొక్కడం మొదలుపెట్టింది. 2021 జూన్‌లో గానిమీడ్ ఇంటి మీదుగా వెళ్లింది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున. పిల్లవాడు పెరిగాడు, అడ్డకొలత 5,268 కిలోమీటర్లు, మన బుధుడికన్నా పెద్ద. 2022 సెప్టెంబరులో యూరోపా మీదుగా, సుమారు 350 కిలోమీటర్ల ఎత్తున. అంత దగ్గరగా వెళ్లి ఫొటోలు కూడా తీసింది. 2023 డిసెంబరు 30న అయో దగ్గరకు, 1,500 కిలోమీటర్ల ఎత్తున. ఒకసారి చూస్తే కసి తీరలేదేమో, సరిగ్గా ఐదు వారాలకు మళ్లీ వెళ్లింది. వెళ్లి చూసినదేమిటి? అగ్నిపర్వతాలు, 400కు పైగా. ఒకవైపు గురుడు, మరోవైపు యూరోపా, గానిమీడ్ వంతులవారీగా లాగుతుంటే అయో లోపలి రాయి నలిగి, వేడెక్కి, కరిగి బయటకు ఎగజిమ్ముతోంది. గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోగా యూరోపా రెండు, అయో నాలుగు చుట్లు తిరుగుతాయి. ఆ తాళం తప్పదు, ఆ నలగడమూ ఆగదు. జోరీగ ఇంకా కుడుతూనే ఉందన్నమాట. ఇంత అందమైన భౌతికశాస్త్రం చేతిలో ఉండగా, చార్టు మీద రాయడానికి దొరికింది ప్రియురాలన్న మాట.

కొత్త ఉపగ్రహాలు దొరుకుతున్న కొద్దీ పేర్లకు కరువొచ్చింది. పేర్లను ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘం. వాళ్ల ఆఫీసులో జరిగి ఉండవలసిన సంభాషణ నాకు స్పష్టంగా వినిపిస్తుంది.

"అయ్యా, గురుడికి ఇంకో డజను దొరికాయండి."

"ప్రియురాళ్ల దస్త్రం తియ్యి."

"అయిపోయారండి."

"అయిపోవడమేమిటయ్యా, జ్యూస్ కదా!"

"గ్రీకు కవులు చెప్పినవాళ్లందరినీ వాడేశామండి."

"మరి కూతుళ్లో?"

"వాళ్లు బోలెడుమంది ఉన్నారండి."

2004 నుంచి వారసులను కూడా చేర్చుకోవచ్చని నిబంధన సడలించారు. ఇది మాత్రం నా కల్పన కాదు. బయటి ఉపగ్రహాలకు ఇంకో నియమం ఉంది. గురుడు తిరిగే దిక్కునే తిరిగితే పేరు 'ఆ' శబ్దంతో ముగియాలి: హిమాలియా, ఎలారా, లీడా. ఎదురు తిరిగితే 'ఏ'తో: పాసిఫే, కార్మే, సినోపే. ఎవరికి ఏం జరిగిందో వాళ్లకు అక్కరలేదు, చివరి అక్షరం సరిపోతే చాలు. బాగా వాలుగా తిరిగే వాటికి 'ఓ'. అలా వచ్చినదే వాలెట్యూడో, ఆరోగ్య దేవత. ఎదురు దిక్కున వచ్చే గుంపులోంచి అడ్డంగా దూసుకుపోతుంటుంది, ఎప్పుడో గుద్దుకోవచ్చంటున్నారు. ఆరోగ్య దేవతను రాంగ్ రూటులో నడిపించడం మనకే చేతనవుననుకున్నాను.

ఈ వరుసలోనే 1892లో బర్నార్డ్ కనిపెట్టిన అమాల్తియా ఉంది. పసివాడిగా ఉన్న జ్యూస్‌కు పాలిచ్చిన మేక. మేక కాదు, మేకపాలు పట్టిన వనకన్య అని మరికొందరు. పెంచిన తల్లిలాంటిదాన్ని తెచ్చి ఏ బంతిలో కూర్చోబెట్టారో చూడండి. మెటిస్ ఇంకా దారుణం. జ్యూస్ మొదటి భార్య ఆమె. పుట్టబోయే బిడ్డ తనను గద్దె దింపుతాడేమోనని, కడుపుతో ఉన్న ఆమెను మింగేశాడు. 1979లో ఆమె పేరు పెట్టవలసిన చిన్న ఉపగ్రహం దొరికింది. ఏడు గంటలకు ఒక చుట్టు, గురుడి రోజుకన్నా తక్కువ. అంత వేగంగా, అంత దగ్గరగా తిరిగేది మెల్లమెల్లగా లోపలికి జారిపోక తప్పదు. ఎన్ని యుగాలకైనా గురుడు దాన్ని మింగేస్తాడు. మళ్లీ.

అందరూ ఇంత దుర్మార్గులు కారులెండి. జేమ్స్ క్రిస్టీ అనే ఆయన 1978లో ప్లూటోకు ఉపగ్రహం కనిపెట్టి, ముచ్చటపడి భార్య షార్లీన్ పేరు కలిసి వచ్చేలా కేరన్ అన్నాడు (ఇంగ్లీషులో రెండు పేర్లకూ మొదటి నాలుగక్షరాలు ఒకటే). తీరా పురాణం తిరగేస్తే, గ్రీకుల వైతరణిలో చచ్చినవాళ్లను దాటించే పడవవాడి పేరది. ఆవిడ ఏమందో తెలియదు. 1877లో అసాఫ్ హాల్ అంగారకుడి చుట్టూ ఏమీ కనబడటం లేదని విసిగి మానేయబోతే, భార్య ఏంజలీన్ స్టిక్నీ ఇంకొక్కసారి చూడమని తరిమింది. రెండు దొరికాయి. వాటికి భయం, భీతి అని గ్రీకు యుద్ధదేవుడి కొడుకుల పేర్లు పెట్టారు. తరిమిన భార్యకు తరువాతెప్పుడో దక్కినది వాటిలో ఒకటైన ఫోబోస్ మీద ఒక గొయ్యి. చాలా పెద్ద గొయ్యేలెండి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. సినోపే దగ్గర నాకు నవ్వు రావడం లేదు.

అసోపస్ అనే నదీదేవుడి కూతురు సినోపే. జ్యూస్ ఆమె మీద కన్నేసి, ఏం కావాలన్నా ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ పిల్ల, అయితే నన్ను జీవితాంతం కన్యగానే ఉండనివ్వు అంది. మాట ఇచ్చాడు కాబట్టి చేతులు ముడుచుకోవలసి వచ్చింది. ఆ లోకంలో అంత బలవంతుడికి ఎదురు నిలిచి, తెలివితో 'కాదు' అని గెలిచిన ఆడపిల్ల. 1914లో కనిపెట్టిన ఒక ఉపగ్రహానికి 1975లో ఆమె పేరు ఖాయం చేశారు. గురుడికి 2 కోట్ల 40 లక్షల కిలోమీటర్ల దూరాన, ఎదురు దిక్కున తిరుగుతుంది. చాలా ఏళ్లపాటు అందరికన్నా దూరాన ఉన్న ఉపగ్రహంగా తెలిసినది అదే. అంత దూరం పోయినా, ఎదురు తిరిగినా, 'కాదు' అన్నా, ఆమెనూ ప్రియురాళ్ల పద్దులోనే రాశారు.

ఏమిటి ఈ మాట? ప్రియురాలంటే ప్రేమించిన మనిషి. ఈ కథల్లో ప్రేమించింది ఎవరు? మబ్బు కప్పినవాడా, ఎద్దయి వచ్చినవాడా, గద్దయి తన్నుకుపోయినవాడా? ఆ మాటను గ్రీకుల నెత్తిన రుద్ది మనం తప్పించుకోలేం. వద్దన్న అమ్మాయి వెంటపడి, గొంతు కోసినవాణ్ని, ముఖం మీద యాసిడ్ పోసినవాణ్ని మన పత్రికలు ఏమంటాయి? 'ప్రేమోన్మాది.' వాడు చేసిన పనిలో ప్రేమ ఎక్కడుంది? ఉన్మాదం కూడా లేదు, కత్తి కొనుక్కుని, కాలేజీ వదిలే వేళ చూసుకుని వచ్చినవాడికి. ఆ ఒక్క మాటతో హంతకుడు భగ్నప్రేమికుడైపోతాడు, చచ్చిపోయిన పిల్ల వాడి ప్రేమకథలో నాయిక అయిపోతుంది. ఆ పిల్ల కాదు అంది. కాదు అన్నందుకే చంపారు. శీర్షిక మాత్రం ప్రేమ అంటుంది. నలభై ఏళ్లుగా పత్రికలు చదువుతున్నాను, ఈ మాట చూసినప్పుడల్లా కాగితం చింపాలనిపిస్తుంది.

మన పురాణాలు మేలని చెప్పడానికి నాకు నోరు లేదు. గౌతముడి వేషంలో వచ్చినవాడు ఇంద్రుడు, రాయయింది అహల్య. ఇంద్రుడికి కనీసం శాపమైనా తగిలింది, జ్యూస్‌కు సౌరకుటుంబంలో అన్నిటికన్నా పెద్ద గ్రహం దక్కింది.

కలిస్టో కథలో చిన్న కొసరు ఉంది. ఎలుగుబంటిగా మారిన ఆమెను చివరికి ఆకాశంలోకి ఎక్కించారు. హీరా అక్కడా వదలలేదు. ఆమె ఏనాడూ సముద్రంలో మునిగి స్నానం చేయకూడదని కట్టడి చేసింది. ఆ కాలపు గ్రీసు నుంచి చూస్తే ఆ నక్షత్రాలు అస్తమించకపోవడానికి గ్రీకులు చెప్పుకున్న కారణం అది. ఆ ఎలుగుబంటి నడుము, తోక మనకు సప్తర్షులు. పెళ్లిలో పురోహితుడు కొత్త పెళ్లికూతురికి మెడ ఎత్తించి చూపించే అరుంధతి ఆ తోక మీదే ఉంది. పట్టపగలు పెళ్లయినా సరే చూపిస్తారు, కనబడిందని ఆ అమ్మాయి తల ఊపుతుంది. మన అక్షాంశాలు గ్రీసుకన్నా బాగా దక్షిణాన ఉన్నాయి కాబట్టి ఇక్కడ సప్తర్షులు రోజూ దిగంతం కిందకు దిగి, మళ్లీ వస్తారు. హీరా కట్టడి హైదరాబాదులో, విశాఖపట్నంలో చెల్లదు. కలిస్టో మన వైపు రోజూ తలారా స్నానం చేస్తుంది.

ఈ మాట చెబితే మనవరాలు చాలా సంతోషించింది. "మరి చార్టులో ఏమని రాయను తాతయ్యా?" అంది. గెలీలియో చేసిన పనే చేశాం. 'ఆయన ప్రియురాళ్ల' అన్న చోట చిన్న కాగితం ముక్క అంటించి, దాని మీద 'జ్యూస్ ఎత్తుకుపోయిన, వెంటపడిన పిల్లల' అని రాసింది. చోటు చాలక అక్షరాలు చివరికి వచ్చేసరికి చీమలయ్యాయి. అయో కథ మరోసారి చెప్పమంది. ఆవుపెయ్యగా మారాక ఆ పిల్ల తండ్రిని వెతుక్కుంటూ వెళ్లిందని, ఆయన గుర్తుపట్టక గడ్డి పెట్టాడని, మాట రాక గిట్టతో మట్టిలో తన పేరు రాసిందని చెప్పాను. రోమన్ లిపిలో రెండే అక్షరాలు, ఒక నిలువు గీత, ఒక సున్న. అప్పుడు తండ్రికి తెలిసింది.

మనవరాలు కాసేపు ఊరుకుంది. తరువాత స్కెచ్ పెన్ను తీసుకుని పసుపు ఉండ కింద పేరు రాసుకుంది.

సోమవారం సాయంత్రం చార్టు ఇంటికి వచ్చింది. అంటించిన కాగితం ముక్క ఊడబీకి ఉంది. పసుపు ఉండ కింద 'అయ్యో' అని రాసిన చోట య వత్తును ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'అక్షర దోషం' అని రాసి, అర మార్కు తగ్గించారు.